ఎంత వేడెక్కింది, ఇంకెంత ఎడముంది

మే నెల మధ్యాహ్నం రామగుండం బొగ్గు ప్రాంతంలోని గోదావరిఖనిలో గాలి 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. మెర్సిడెస్ ఏఎంజీ కంపెనీ తన జీటీ 63 ఎస్ ఈ పెర్ఫార్మెన్స్ అనే హైబ్రిడ్ కారులో బ్యాటరీని సగటున సరిగ్గా ఆ 45 డిగ్రీల దగ్గరే నిలుపుతుంది. అందుకోసం 560 సెల్స్ చుట్టూ దాదాపు 14 లీటర్ల ద్రవం, విద్యుత్తును పారనివ్వనిది, నిరంతరం తిరుగుతుంటుంది. ఆ వెచ్చదనంలో సెల్ లోపల అయాన్లు చురుగ్గా కదులుతాయి, అంతర్నిరోధం తగ్గుతుంది, కాలు నొక్కిన క్షణంలో అడిగినంత కరెంటు వస్తుంది.

అంకె ఒకటే. పరిస్థితి మాత్రం ఒకటి కాదు. బయట 20 డిగ్రీలున్న ఊళ్లో 45 డిగ్రీల బ్యాటరీ తన వేడిని గాలికి ఇచ్చేసి తేలికపడుతుంది. బయటే 45 ఉన్న రామగుండంలో ఆ బ్యాటరీ నుంచి గాలిలోకి ఒక్క జూలు వేడి కూడా తనంతట తాను పోదు. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే ప్రవహిస్తుంది. తేడా లేకపోతే ప్రవాహమే లేదు. కాబట్టి బ్యాటరీ ఎంత వేడిగా ఉందన్నది సగం ప్రశ్న. ఆ వేడిని వదిలించుకోవడానికి ఇంకెంత ఎడముందన్నది మిగతా సగం. వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రిక్ కార్లు డ్రైవర్‌కు తెర మీద చూపించాల్సింది ముఖ్యంగా ఈ రెండో సగాన్ని. సింగరేణి బొగ్గు బాయిల్లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి అలాంటి కార్లు పుట్టకముందే తెలుసు. ఎలా తెలుసో చూడాలంటే ముందు బ్యాటరీలో వేడి ఎక్కడ పుడుతుందో చూడాలి.

కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు

తీగలో కరెంటు పారితే పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని జేమ్స్ జూల్ 1840 ప్రాంతంలో తేల్చాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. సెల్ లోపల కూడా ప్రధానంగా ఇదే సూత్రం పనిచేస్తుంది. మామూలు కారుకూ పెర్ఫార్మెన్స్ కారుకూ మధ్య తేడా అంతా ఈ వర్గంలోనే ఉంది.

ఒక ఊహాత్మక బ్యాటరీతో లెక్క వేద్దాం. అది 800 వోల్టులది, 80 యూనిట్ల సామర్థ్యం కలది. మొత్తం అంతర్నిరోధం 0.08 ఓమ్, సెల్స్ బరువు 400 కిలోలు. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి నిదానంగా వస్తున్నప్పుడు కారు 15 కిలోవాట్లు తీసుకుంటోందనుకుంటే కరెంటు 19 ఆంపియర్లకు మించదు. బ్యాటరీలో పుట్టే వేడి 28 వాట్లు, పట్టించుకోనక్కర్లేనంత. అదే కారు పూర్తి బలంతో 300 కిలోవాట్లు లాగితే కరెంటు 375 ఆంపియర్లు, వేడి 11,250 వాట్లు. శక్తి 20 రెట్లు పెరిగింది, వేడి 400 రెట్లు పెరిగింది.

సెల్ పదార్థం కిలోకు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 1,000 జూళ్లు కావాలి. అంటే మన 400 కిలోలు ఒక డిగ్రీ ఎక్కడానికి 4 లక్షల జూళ్లు పడుతుంది. సెకనుకు 11,250 జూళ్లు వచ్చి పడుతుంటే నిమిషానికి 1.7 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. చల్లబరిచే ఏర్పాటు లేకుండా 5 నిమిషాలు అలాగే లాగితే 8 డిగ్రీలకు పైనే ఎక్కుతుంది.

పెట్రోలు కారులో బ్రేకు వేస్తే ఇంజనుకు కాసేపు విశ్రాంతి. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీకి ఆ విశ్రాంతి లేదు. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి కరెంటును తిరిగి బ్యాటరీలోకి తోస్తుంది. జూల్ సూత్రానికి కరెంటు లోపలికి పోతోందా బయటికి వస్తోందా అన్న పట్టింపు లేదు, రెండు దారుల్లోనూ వేడి పుడుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగింది. అందులో దిగిన మూడో తరం కార్ల మోటారు గరిష్ఠంగా 350 కిలోవాట్లు ఇస్తుంది. బ్రేకు వేస్తే మాత్రం ముందూ వెనకా మోటార్లు కలిసి 600 కిలోవాట్ల వరకూ వెనక్కి పంపగలవు. ఆ కార్లకు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. సాగర్ పక్క మలుపుల్లో వేగం తగ్గిన ప్రతిసారీ బ్యాటరీ వేడెక్కుతూనే ఉందన్నమాట. ఆ రోజు గెలిచిన జీన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో తనకంటే ఎక్కువ శక్తి మిగుల్చుకున్న నిక్ కాసిడీని వెనక నిలిపి ఉంచాడు. ఇలాంటి పందేల్లో నైపుణ్యం అంటే శక్తినీ వేడినీ రెండింటినీ లెక్కపెట్టి ఖర్చు చేయడం.

రేడియేటర్‌తో తీరని పని

కారు ముందు భాగంలో ఉండే రేడియేటర్ ద్రవాన్ని గాలి ఉష్ణోగ్రతకంటే కిందికి దించలేదు. బయట 25 డిగ్రీలున్నప్పుడు 45 డిగ్రీల ద్రవానికి 20 డిగ్రీల ఎడం దొరుకుతుంది. బయట 35 ఉంటే ఆ ఎడం 10కి పడిపోతుంది, వదిలే వేడి దాదాపు సగమవుతుంది. 45 దగ్గర సున్నా. ఆ పైన రేడియేటర్ ఎదురు పనిచేసి బయటి వేడిని లోపలికి తెస్తుంది. అందుకే ఆ సమయంలో వాల్వులు ద్రవాన్ని రేడియేటర్ వైపు వెళ్లకుండా మళ్లిస్తాయి.

అప్పుడు మిగిలే దారి ఏసీ. చిల్లర్ అనే చిన్న పరికరంలో ఒకవైపు ఏసీ గ్యాసు ఆవిరవుతుంది, మరోవైపు బ్యాటరీ ద్రవం పారుతుంది. గ్యాసు ఆవిరయ్యేటప్పుడు ద్రవంలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ గ్యాసును నొక్కి బయటి గాలికంటే వేడిగా చేస్తుంది కాబట్టి 45 డిగ్రీల గాలిలోకైనా వేడిని నెట్టగలుగుతుంది. మన లెక్కలోని బ్యాటరీకి 5 కిలోవాట్ల చిల్లర్ ఉంటే 8 డిగ్రీల పెరుగుదలను వెనక్కి లాగడానికి 11 నిమిషాలు పడుతుంది. 5 నిమిషాల్లో ఎక్కిన వేడి దిగడానికి రెండింతలకు పైగా సమయం. పైగా అదే కంప్రెసర్ కారులో కూర్చున్నవాళ్లనూ చల్లబరచాలి. మే నెలలో ఇద్దరూ ఒకేసారి అడుగుతారు.

హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం చేరే కారును తీసుకుందాం. ఎండలో నిలిచి, ఎండలో నడిచిన బ్యాటరీ 38 డిగ్రీల దగ్గర ఉంది. దారిలో అక్కడక్కడా గట్టిగా లాగినవన్నీ కలిపితే 5 నిమిషాల పూర్తి బలం అనుకుంటే 8 డిగ్రీలు చేరాయి. వచ్చీరాగానే 150 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్‌కు తగిలించారు. ఇక్కడ కరెంటు సగమే, వేడి పావే. కానీ 20 నిమిషాల పాటు సాగుతుంది కాబట్టి మళ్లీ అదే 8 డిగ్రీలు. చిల్లర్ పనిచేయకపోతే బ్యాటరీ 54 దాటిపోతుంది. చాలా బ్యాటరీల్లో 50కీ 60కీ మధ్య ఎక్కడో కంప్యూటర్ జోక్యం చేసుకుని శక్తిని కోసేస్తుంది. అప్పటిదాకా కాలు నొక్కితే దూకిన కారు ఒక్కసారిగా మెత్తబడుతుంది, చార్జింగ్ నత్తనడక నడుస్తుంది. కారణం తెర మీద కనిపించకపోతే డ్రైవర్ కారు చెడిపోయిందనుకుంటాడు.

బొగ్గుకు తెలిసిన భౌతికశాస్త్రం

సింగరేణి చరిత్ర 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకాలతో మొదలైంది. నేడు ఆ కంపెనీలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. సింగరేణి బొగ్గుకు తనంతట తాను వేడెక్కే గుణం ఉంది. ఎవరూ నిప్పు పెట్టరు. పగిలిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తుంది, ఆ చర్యలో కొద్దిగా వేడి పుడుతుంది. పలుచగా పరిచిన బొగ్గులో ఆ వేడి పుట్టినంత త్వరగానే పోతుంది. పెద్ద కుప్పలోనో, తవ్వి వదిలేసిన గోఫ్‌లోనో అయితే లోపలి వేడికి బయటపడే దారి ఉండదు. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. చర్య వేగం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఓపెన్ కాస్ట్‌లో బొగ్గు పొరల నుంచి, యార్డుల్లోని కుప్పల నుంచి వేసవిలో పొగ లేవడం వెనక కథ ఇది.

దీనికి గణిత రూపం ఇచ్చినవాడు రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యోనవ్. 1956లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందినవారిలో ఆయన ఒకరు. ఆయన వాదంలో రెండు గీతలున్నాయి. వేడి పుట్టే వేగాన్ని చూపే గీత ఉష్ణోగ్రతతో పాటు వంపు తిరిగి నిటారుగా లేస్తుంది. వేడి పోయే వేగాన్ని చూపే గీత బయటి ఉష్ణోగ్రత దగ్గర మొదలై తిన్నగా ఎక్కుతుంది. రెండూ ఖండించుకున్నంత కాలం వ్యవస్థ ఒకచోట స్థిరపడుతుంది. బయటి ఉష్ణోగ్రత పెరిగితే తిన్నని గీత పక్కకు జరుగుతుంది. ఒక హద్దు దాటాక రెండు గీతలూ అసలు కలవవు. ఇక ఆగే చోటు లేదు.

లిథియం అయాన్ సెల్‌లో జరిగే థర్మల్ రన్‌అవే కూడా ఈ రెండు గీతల కథే. సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆనోడ్ మీది రక్షణ పొర విచ్ఛిన్నమవుతూ వేడి విడుదల చేస్తుంది. 130 ప్రాంతంలో పాలీఇథిలీన్ సెపరేటర్ కరుగుతుంది, లోపలే షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. నికెల్ ఎక్కువున్న కాథోడ్లు 200 ప్రాంతంలో ఆక్సిజన్‌ను వదులుతాయి. ఐరన్ ఫాస్ఫేట్ రకం ఇంకా పై ఉష్ణోగ్రత దాకా ఓర్చుకుంటుంది. బొగ్గుకు ఆక్సిజన్ బయటినుంచి రావాలి, ఇక్కడ అది లోపలినుంచే వస్తుంది. గనిలో ప్యానెల్‌కు, అంటే తవ్వకం సాగే ఒక విభాగానికి, గోడ కట్టి గాలిని ఆపితే బొగ్గు చల్లారుతుంది. సెల్ విషయంలో గాలి ఆపడం చాలదు. వేడి పక్క సెల్‌కు పాకకుండా చూడాలి. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య బారియర్ పిల్లర్ అనే తవ్వని బొగ్గు గోడను వదిలినట్టుగానే బ్యాటరీలో సెల్స్ మధ్య మైకా, ఏరోజెల్ వంటి వేడి నిరోధక పలకలు పెట్టడం అందుకే.

గని నుంచి తెర రూపకర్తలు నేర్చుకోదగినవి రెండున్నాయి. మొదటిది, ప్రమాదాన్ని వేడికంటే ముందే కనిపెట్టడం. భూగర్భంలో ఏదో మూల బొగ్గు వేడెక్కుతోందని థర్మామీటరు చెప్పలేదు, అది ఆ మూలకు చేరదు. గనిలో తిరిగి బయటికి వచ్చే రిటర్న్ గాలిలో కార్బన్ మోనాక్సైడ్ పదిలక్షల్లో కొన్ని పాళ్లు పెరిగితే తెలుస్తుంది. ఖర్చైన ఆక్సిజన్‌తో పోల్చి దాన్ని గ్రాహం రేషియోగా లెక్కకడతారు. ఒక్క రోజు విలువ చూసి నిర్ణయానికి రారు. రోజురోజుకూ ఆ విలువ ఎటు పోతోందో చూస్తారు.

రెండోది, ఎడాన్ని కొలవడం. 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలు పనిచోట వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదంటాయి. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదలాలంటాయి. వెట్ బల్బ్ అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది. చెమట ఆరి మనిషి ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో అది చెబుతుంది. చట్టం ఇక్కడ గాలి వేడిని పక్కనపెట్టి, మనిషి తన వేడిని వదిలించుకోగల వీలును కొలిచింది. బ్యాటరీకీ కొలవాల్సింది అదే.

సెన్సర్‌కు కనిపించనిది

బ్యాటరీలో ఉష్ణోగ్రతను కొలిచేది సాధారణంగా ఎన్‌టీసీ థర్మిస్టర్. ఇది చిన్న సిరామిక్ పూస. వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను కంప్యూటర్ డిగ్రీల్లోకి మారుస్తుంది. ధర తక్కువ, నమ్మకం ఎక్కువ. కానీ వందల సెల్స్, కొన్ని కార్లలో వేల సెల్స్ ఉన్నచోట ఇవి పదుల్లోనే ఉంటాయి. పైగా సెల్ పైభాగానికో, సెల్స్‌ను కలిపే లోహపు పట్టీకో అంటించి ఉంటాయి. గట్టిగా లాగుతున్నప్పుడు సెల్ నడిమధ్య ఉపరితలంకంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండవచ్చు. సెన్సర్ ఆ వేడిని ఆలస్యంగా తెలుసుకుంటుంది.

అందువల్ల కారులోని బ్యాటరీ మేనేజ్‌మెంట్ వ్యవస్థ సెన్సర్లు చెప్పినదానితో ఆగదు. ఎంత కరెంటు పారింది, ఎంతసేపు పారింది, ద్రవం ఏ ఉష్ణోగ్రత వద్ద వచ్చి ఏ ఉష్ణోగ్రత వద్ద పోయింది అన్నవాటిని బట్టి లోపలి వేడిని అంచనా కడుతుంది. తెర మీద కనిపించే ఒక్క అంకె వెనక ఇంత లెక్క ఉంది. ఆ అంకె సగటుదా, అన్నిటికంటే వేడి సెల్‌దా అన్నది తయారీదారు నిర్ణయం. సగటు చూపితే డ్రైవర్‌కు ధైర్యంగా ఉంటుంది. శక్తిని కోసేది మాత్రం అన్నిటికంటే వేడెక్కిన సెల్‌ను చూసి. కాబట్టి చూపించాల్సింది దాన్నే.

తెరలు ఏం చూపిస్తున్నాయి

2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీ వేడికి గడుల మీటరు ఉండేది. బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ మాత్రం లేదు. 2012లో అమెరికాలోని అరిజోనాలో, రామగుండంలాంటి ఎండల్లో, ఆ కార్ల బ్యాటరీలు అనుకున్నదానికంటే త్వరగా సామర్థ్యం కోల్పోతున్నాయని యజమానులు గోల పెట్టారు. తెర చూపడం ఎంత అవసరమో, చూపిన దాన్ని సరిచేసే యంత్రాంగం అంతకంటే అవసరమని ఆ అనుభవం నేర్పింది.

టెస్లా తన పెర్ఫార్మెన్స్ కార్ల ట్రాక్ మోడ్‌లో అంకెలకు బదులు రంగులు వాడింది. బ్యాటరీ, మోటార్లు, బ్రేకులు, టైర్లు చల్లగా ఉంటే నీలం, తగినంత ఉంటే ఆకుపచ్చ, మితిమీరితే ఎరుపు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో అంకె చదివే తీరిక ఉండదు, రంగు కంటికి వెంటనే అందుతుంది. 2023లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ మరో అడుగు వేసింది. బ్యాటరీని ముందుగానే సిద్ధం చేసే ఏర్పాటులో డ్రాగ్, ట్రాక్ అని రెండు ఎంపికలిచ్చింది. తిన్నని దారిలో ఒక్క ఊపులో దూసుకుపోవాలంటే డ్రాగ్. అది బ్యాటరీని 30 నుంచి 40 డిగ్రీల మధ్యకు తెచ్చి గరిష్ఠ బలానికి సిద్ధం చేస్తుంది. ల్యాపు మీద ల్యాపు తిరగాలంటే ట్రాక్. అది 20 నుంచి 30 మధ్యనే ఆపుతుంది, ముందున్న దూరానికి వేడి పెరగడానికి చోటు మిగులుస్తుంది. ఎడాన్ని ముందుగా దాచుకుని పందెంలోకి దిగడం ఇది. ఫార్ములా ఈ జట్లు వేడి ఊళ్లలో చేసే లెక్కా ఇదే. హద్దుకు చేరడం తప్పదనుకుంటే చివరి ల్యాపులోనే చేరాలి, నడుమ చేరితే పందెం పోయినట్టే.

రామగుండం మే నెలలో 20 డిగ్రీలకు దిగడం కంప్రెసర్‌కు గట్టి పరీక్ష. ఇక్కడి డ్రైవర్‌కు తెర చెప్పాల్సింది మూడు సంగతులు. అన్నిటికంటే వేడి సెల్ ఎన్ని డిగ్రీల దగ్గరుంది, నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పోతోంది, ఇదే నడకతో శక్తి కోతకు ఎన్ని నిమిషాలుంది. 48 డిగ్రీలు, నిలకడగా ఉంది అంటే నిశ్చింత. 44 డిగ్రీలు, నిమిషానికి రెండు డిగ్రీలు పెరుగుతోంది అంటే కాలు తీయాల్సిన వేళ. మొదటి అంకె పెద్దదైనా ప్రమాదం రెండోదానిలోనే ఉంది. రంగు ఒక్కటే చూపితే ఈ తేడా దొరకదు.

ప్రాణాలు పోయాక వచ్చిన నిబంధన

వేగపు కార్ల కోసం పుట్టిన ఈ జ్ఞానం వాటికే పరిమితం కాకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ దుర్ఘటనల తర్వాత కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు. ఆ సంఘం సూచనలతో ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు వర్తించే ఏఐఎస్ 156, కార్లకూ బస్సులకూ వర్తించే ఏఐఎస్ 038 ప్రమాణాలను అదే ఏడాది సవరించారు. సెల్స్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ వ్యవస్థ, చార్జర్, ఒక సెల్ మంట పక్కవాటికి పాకకుండా చూసే డిజైన్, అన్నీ కట్టుదిట్టమయ్యాయి. ఒక సెల్ అదుపు తప్పితే లోపల కూర్చున్నవాళ్లకు ప్రమాదం చేరడానికి కనీసం 5 నిమిషాల ముందు కారు హెచ్చరించాలన్నది కార్ల ప్రమాణంలోని కీలకమైన మాట.

ఆ 5 నిమిషాలు దిగి దూరం వెళ్లడానికి సరిపోతాయి. కానీ అది చివరి హెచ్చరిక. గనిలో పొగ కనిపించాక చేసే పనులు కొన్నే, మోనాక్సైడ్ పెరిగినప్పుడు చేయగలిగినవి చాలా. బ్యాటరీలోనూ సెల్ చెడుతున్నప్పుడు మంటకు ముందే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి, ప్యాక్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. వాటిని పసిగట్టే సెన్సర్లు ఉన్నాయి. అవి ఖరీదైన కార్లకే కాక చార్జర్ పక్కన నిద్రపోయే కుటుంబాలున్న ఇళ్లలోని బండ్లకూ చేరాలి.

ఈలోగా బొగ్గు ప్రాంతంలో ఎలక్ట్రిక్ కారు నడిపేవారు చేయగలిగినవి ఉన్నాయి. నీడలో నిలపడం, గట్టిగా నడిపిన వెంటనే ఫాస్ట్ చార్జర్‌కు తగిలించకుండా కాసేపు ఆగడం, వీలైతే చార్జింగ్‌ను తెల్లవారుజాముకు మార్చడం. సెల్స్ ముసలితనం కూడా వేడితోనే వేగం పుంజుకుంటుంది కాబట్టి ఈ అలవాట్లు బ్యాటరీకి ఏళ్లు కలుపుతాయి.

మిగతాది తయారీదారుల చేతుల్లో ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ గిగా ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. సెల్స్‌ను తెలంగాణ నేల మీదే తయారు చేయడానికి సన్నాహాలు సాగుతున్న రోజులివి. వాటిని 25 డిగ్రీల ప్రయోగశాలలో పరీక్షించి పంపితే చాలదు. గోదావరిఖని మే మధ్యాహ్నంలో, ఎండలో నాలుగు గంటలు నిలిపిన కారులో పరీక్షించాలి, అక్కడ మిగిలిన ఎడమెంతో కొలవాలి, ఆ కొలతను దాచకుండా డ్రైవర్ కళ్ల ముందు పెట్టాలి. బాయిలోకి దిగే కార్మికుడి చుట్టూ గాలి ఎలా ఉండాలో చట్టం హద్దులు పెట్టింది. కాళ్ల కింద వందల కిలోల సెల్స్ మీద కూర్చుని ప్రయాణించేవాడికీ తన కింది వేడి సంగతి తెలుసుకునే హక్కు ఉండాలి.